‘ప్రపంచ సవాళ్లు’ అని బ్యానర్ కట్టి చర్చ పెడితే జనం ఎందుకు లేచి వెళ్లిపోతారు?

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇదీ: వచ్చే నెల వాళ్ల సంఘం తరపున ‘ప్రపంచ సవాళ్లు – అంతర్జాతీయ సహకారం’ అనే బహిరంగ చర్చ ఉంది. గంటన్నర సమయం, నలుగురు వక్తలు, రెండు వందల మంది దాకా జనం. మోడరేటర్ తనే. పోయినసారి వక్తలంతా ఒకటే మాట చెప్పారట, సగం మంది మధ్యలోనే లేచి వెళ్లిపోయారట. ఈసారి అలా కాకుండా ఏం చేయాలి?

సూటిగా చెప్తానండి: అంశం మార్చండి. వక్తల్ని తర్వాత చూసుకోవచ్చు. ‘అంతర్జాతీయ సహకారం’ అనేది చర్చకు పనికొచ్చే అంశం కాదు. దాన్ని కాదనేవాళ్లు ఎవరుంటారు? ‘ఆరోగ్యం మంచిదా కాదా’ అని చర్చ పెట్టినట్టు ఉంటుంది. దాని బదులు ఖర్చు కనిపించే ఒక్క వాక్యం పెట్టండి. ఎవరు డబ్బు పెట్టాలి, ఎవరు దేన్ని వదులుకోవాలి, ఎవరు నిర్ణయించాలి – ఈ మూడింట్లో కనీసం ఒకటి ఆ వాక్యంలో ఉండాలి. అది ఉంటే సాధారణ వక్తలతో కూడా సభ నిలబడుతుంది. లేకపోతే ఎంత పేరున్నవాళ్లని తెచ్చినా ఊకదంపుడే.

నేను పదహారేళ్లుగా ఇలాంటి చర్చలు నడుపుతున్నాను. మొదటి రెండేళ్లూ మీరు చేసిన తప్పే చేశాను. ఒకసారి వాతావరణ మార్పు మీద ఐదుగురిని కూర్చోబెట్టాను. ఐదుగురూ ‘దేశాలన్నీ కలిసి పనిచేయాలి’ అనే మాటనే ఐదు రకాలుగా చెప్పారు. గంట గడిచాక వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచి, ‘అందరూ ఒప్పుకుంటున్నారు కదా, మరి పని ఎందుకు జరగట్లేదు?’ అని అడిగి కూర్చున్నారు. స్టేజీ మీద ఒక్కరూ నోరు మెదపలేదు. ఆ రాత్రి మొత్తం మీద పనికొచ్చిన మాట అదొక్కటే. అందరూ శ్రీవైష్ణవులే గానీ బుట్టెడు రొయ్యలు మాయం అన్న సామెత ఉంది చూడండి, అంతర్జాతీయ ఒప్పందాల కథ చాలావరకు అదే. చర్చ మొదలవ్వాల్సింది ఆ మాయమైన బుట్ట దగ్గర.

వాక్యం ఎలా రాయాలి

‘ఐక్యరాజ్యసమితిని సంస్కరించాలి’ అని పెడితే అందరూ తలూపుతారు. ‘భద్రతా మండలిలో వీటో (ఒక్క శాశ్వత సభ్యదేశమే తీర్మానాన్ని అడ్డుకునే అధికారం) రద్దు చేయాలి’ అంటే కొంచెం నయం, కానీ ఇందులో ఒక చిక్కుంది. సమితి ఛార్టర్‌ని, అంటే దాని మూల నియమావళిని, సవరించాలంటే మూడింట రెండు వంతుల సభ్యదేశాలు ఆమోదించాలి, ఆ ఆమోదించిన వాటిలో ఐదు శాశ్వత సభ్యదేశాలూ ఉండి తీరాలి. అంటే వీటో తీసేయాలన్నా వీటో ఉన్నవాళ్లే ఒప్పుకోవాలి. పిల్లి మెడలో గంట కట్టడానికి పిల్లి సంతకం కావాలన్నమాట. ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పగానే చర్చ చచ్చిపోతుంది. నా స్టేజీ మీదే చచ్చిపోయింది, పదిహేనో నిమిషంలో.

ఆ తర్వాత ఇంకోచోట అదే విషయాన్ని ఇంకోలా పెట్టాను. 2022 ఏప్రిల్‌లో సమితిలోని అన్ని దేశాలూ కూర్చునే సర్వప్రతినిధి సభ ఒక తీర్మానం చేసింది: ఏ శాశ్వత సభ్యదేశమైనా వీటో వాడితే పది పనిదినాల్లో సర్వప్రతినిధి సభ సమావేశమై దాని మీద చర్చ జరపాలి. వీటో అలాగే ఉంటుంది, కానీ వాడినందుకు అందరి ముందూ మాట పడాలి. నేను పెట్టిన వాక్యం: ‘వీటో వాడిన దేశాన్ని నిలదీసి అడగగలిగితే చాలు, వీటో తీసేయనక్కర్లేదు.’ ఈసారి ఇద్దరు వక్తలు నిజంగానే గొడవపడ్డారు. సిగ్గుపడే అలవాటు లేని దేశాన్ని నిలదీసి ప్రయోజనం ఏమిటని ఒకరు. 193 దేశాల ముందు రికార్డులోకి ఎక్కడం చిన్న విషయం కాదని ఇంకొకరు. జనం కుర్చీల అంచుకి వచ్చారు.

ఒక చిన్న పరీక్ష చెప్తాను. మీరు రాసిన వాక్యానికి ఎదురువైపు నిజాయితీగా వాదించగల మనిషి ఒక్కరైనా మీకు గుర్తొస్తున్నారా? రాకపోతే వాక్యం చించేయండి.

అన్ని సవాళ్లూ ఒక్క రకం కాదు

ఇక్కడ కొంచెం ఆగుతాను. చాలామంది మోడరేటర్లు తడబడేది ఇక్కడే. మహమ్మారి, భూతాపం, అణ్వాయుధాలు, సముద్రాలు అన్నీ కలిపి ‘ప్రపంచ సవాళ్లు’ అనే ఒక్క సంచిలో వేసేస్తారు. అవి సహకారాన్ని కోరే తీరు వేరు వేరు. ఆర్థికవేత్త స్కాట్ బారెట్ వీటిని విడదీసి చూపించారు. ఆ విభజన నాకు స్టేజీ మీద ఉపయోగపడినంతగా ఇంకేదీ ఉపయోగపడలేదు.

మొదటి రకంలో ఒకరు చేస్తే చాలు. భూమి వైపు గ్రహశకలం వస్తోందనుకోండి, ఒక్క దేశం దాన్ని పక్కకు నెట్టినా అందరూ బతుకుతారు. 2022 సెప్టెంబరులో నాసా ‘డార్ట్’ అనే వ్యోమనౌకని డైమోర్ఫస్ అనే చిన్న శకలానికి ఢీకొట్టించి, అది ఇంకో పెద్ద శకలం చుట్టూ తిరిగే కాలాన్ని అరగంటకు పైగా తగ్గించింది. దానికి ప్రపంచమంతా సంతకాలు పెట్టాల్సిన అవసరం రాలేదు.

రెండో రకం దీనికి పూర్తిగా ఎదురు. అందరికన్నా వెనకబడినవాళ్లు ఎక్కడుంటే మొత్తం ప్రపంచం అక్కడే ఉంటుంది. మశూచి అలాంటిది. 1967లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గట్టిగా నడుం కట్టింది. సహజంగా సోకిన చివరి కేసు 1977లో సోమాలియాలో బయటపడింది. 1980లో మశూచి పోయిందని ప్రకటించారు. ఒక్క దేశంలో మిగిలినా పని పూర్తి కానట్టే. అందుకే ప్రచ్ఛన్న యుద్ధం మధ్యలో కూడా సోవియట్ యూనియన్ ఇచ్చిన టీకాతో, అమెరికన్ డాక్టర్ డి.ఎ. హెండర్సన్ నడిపించిన కార్యక్రమం సాగింది. ఇద్దరికీ ప్రేమ పుట్టి కాదు, ఇద్దరి లాభమూ ఒకటే కాబట్టి. పోలియో కథ కూడా ఇంతే. 1988లో మొదలైన ఉద్యమం ఇప్పుడు అఫ్గానిస్తాన్, పాకిస్తాన్‌ల దగ్గర ఆగి ఉంది. సహజ పోలియో వైరస్‌ వ్యాప్తి ఇంకా ఆగని దేశాలు ఆ రెండే.

మూడో రకం అందరూ తలా కొంత చేస్తే గానీ తేలనిది. ఇదే కష్టమైనది. కర్బన ఉద్గారాలు ఈ కోవలోవే. నేను తగ్గించినా మీరు తగ్గించకపోతే నాకు ఖర్చే మిగులుతుంది. మీరు తగ్గించి నేను తగ్గించకపోతే లాభం ఊరికే నాకొస్తుంది. ఎదుటివాడు ముందు కదిలేదాకా ఆగడమే ప్రతివాళ్లకీ తెలివైన పనిగా కనిపిస్తుంది. పారిస్ ఒప్పందం 2015లో దీనికి కనుక్కున్న దారి ఏమిటంటే, ఎవరి లక్ష్యం వాళ్లే రాసుకోవాలి, కొన్నేళ్లకోసారి పెంచుకుంటూ పోవాలి, తప్పితే జరిమానా లేదు. జరిమానా లేకపోవడం బలహీనతా, లేక అది లేదు కాబట్టే దాదాపు అన్ని దేశాలూ చేరాయా? ఇదిగో, మీకు ఇంకో మంచి వాక్యం దొరికింది.

మీ వక్తల్లో ఒకరు తప్పకుండా ఓజోన్ పొర సంగతి తెస్తారు. ‘మాంట్రియల్ ప్రోటోకాల్ చూడండి, 1987లో సంతకాలు, ఇవాళ ప్రపంచంలో ప్రతి దేశమూ అందులో ఉంది, అలా చేస్తే చాలు’ అంటారు. చప్పట్లు కూడా పడతాయి. అప్పుడు మోడరేటర్‌గా మీరు ఊరుకోకూడదు. ఆ ఒప్పందం ఎందుకు నడిచిందో అడగండి. ఓజోన్ పొరని దెబ్బతీసే రసాయనాలు తయారుచేసే కంపెనీలు కొద్దే. ప్రత్యామ్నాయాలు చేతికి అందేంత దూరంలో ఉన్నాయి. చేరని దేశాలతో ఆ సరుకుల వ్యాపారం మీద ఆంక్షలు పెట్టారు. వర్ధమాన దేశాలకు పదేళ్ల గడువు ఇచ్చారు, తర్వాత ఒక నిధి కూడా పెట్టారు. బొగ్గు, చమురు విషయంలో వీటిలో ఎన్ని ఉన్నాయి? నా సభలో ఒక ఇంజనీరు ఇదే ప్రశ్న ఒక ప్రొఫెసర్‌ని అడిగారు. ప్రొఫెసర్ కాసేపు ఆలోచించి ‘రెండు ఉన్నాయి, ఒకటి కొనుక్కోవచ్చు, ఒకటి లేదు’ అన్నారు. తర్వాత అరగంట ఆ ‘ఒకటి కొనుక్కోవచ్చు’ మీదే నడిచింది. అలాంటి అరగంట కోసమే నేను ఈ పని చేస్తున్నాను.

వక్తలు

మీకు ఒక రిటైర్డ్ దౌత్యవేత్త, ఒక ప్రొఫెసర్ ఇప్పటికే ఖరారయ్యారని రాశారు. మంచిదే. రిటైరైన దౌత్యవేత్త దొరకడం అదృష్టం. సర్వీసులో ఉన్నవాళ్లు చేతిలో కాగితం లేకుండా మాట్లాడలేరు, అది వాళ్ల తప్పు కాదు. మిగిలిన రెండు కుర్చీల్లో ఇంకో ప్రొఫెసర్‌ని మాత్రం కూర్చోబెట్టకండి. ఒకరు మీరు చర్చకు పెట్టే ఒప్పందాన్ని కింది స్థాయిలో అమలు చేసినవాళ్లు కావాలి. ఇంకొకరు దానివల్ల నష్టపోయిన వైపు మనిషి కావాలి. టీకాలు చల్లదనం తప్పకుండా చివరి కేంద్రం దాకా చేర్చిన మనిషి, విమానాల రాకపోకలు చూసిన మనిషి, వాతావరణ కేంద్రంలో పనిచేసిన మనిషి, ఇలాంటివాళ్లు.

వాతావరణ కేంద్రం అన్నది ఊరికే కాదు. ఒకసారి అనుకోకుండా ఒక వాతావరణ శాఖ ఉద్యోగిని ప్యానెల్‌లోకి వచ్చారు, రావాల్సినవాళ్లు రాలేక. ఆవిడ చెప్పినదాంట్లో సిద్ధాంతం ఏమీ లేదు. రేపు వాన పడుతుందా అని చెప్పాలంటే ఇవాళ పక్క దేశాల గాలి, పీడనం, ఉష్ణోగ్రత లెక్కలు రావాలి, 1963లో మొదలైన ‘వరల్డ్ వెదర్ వాచ్’ ద్వారా ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో కూడా ఆ లెక్కలు అటూ ఇటూ వెళ్లాయి అని చెప్పారు. అంతే. ‘సహకారం విఫలమైంది’ అని అప్పటిదాకా వాదిస్తున్న వక్త మాట మార్చుకోవాల్సి వచ్చింది. టెలిగ్రాఫ్ కోసం 1865లో, ఉత్తరాల కోసం 1874లో పుట్టిన అంతర్జాతీయ సంఘాలు ఇవాళ్టికీ పనిచేస్తున్నాయని ఆ రోజు జనంలో చాలామందికి మొదటిసారి తెలిసింది. బాగా నడిచే సహకారం వార్తల్లోకి రాదు కదా.

వక్తలందరితో ముందురోజు ఒక అరగంట ఫోన్‌లో మాట్లాడుకోండి. ఆ మాటల్ని బయట ఎవరి పేరుతోనూ చెప్పం అని హామీ ఇవ్వండి. దీన్నే చాథమ్ హౌస్ నియమం అంటారు, 1927 నాటిది: విన్నది వాడుకోవచ్చు, ఎవరన్నారో చెప్పకూడదు. కొందరు నిర్వాహకులు బహిరంగ సభలోనే ‘ఈ చర్చకు చాథమ్ హౌస్ నియమం వర్తిస్తుంది’ అని ప్రకటిస్తుంటారు. రెండు వందల ఫోన్లు వీడియో తీస్తుంటే అదేం నియమమో నాకు అర్థం కాదు. దాన్ని ముందురోజు ఫోన్‌కే ఉంచుకోండి.

అంకెల కాగితం

ఇది ఎవరూ చేయరు, మీరు చేయండి. రెండు వైపులా ఒప్పుకున్న అంకెలు ఒక్క పేజీలో రాసి, వారం ముందే వక్తలకు పంపండి. సభ రోజు ప్రతి కుర్చీలో ఒక కాపీ పెట్టండి. లేకపోతే సగం సమయం ‘మీ లెక్క తప్పు’, ‘కాదు మీదే తప్పు’ అనడంలో పోతుంది.

ఒక ఉదాహరణ. సంపన్న దేశాలు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు వాతావరణం కోసం వర్ధమాన దేశాలకు సమకూరుస్తామని 2009లో కోపెన్‌హాగెన్ వాతావరణ సదస్సులో మాట ఇచ్చాయి. ఎక్కువగా సంపన్న దేశాలే సభ్యులుగా ఉన్న ఓఈసీడీ అనే సంస్థ లెక్క ప్రకారం ఆ మొత్తాన్ని మొదటిసారి అందుకున్నది 2022లో, అంటే రెండేళ్లు ఆలస్యంగా. ప్రభుత్వాల ద్వారా వచ్చినదాంట్లో ఎక్కువ భాగం అప్పులే. 2024లో బాకూ వాతావరణ సదస్సులో ఆ లక్ష్యాన్ని 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లకు పెంచారు. ఒక సభలో ఒక వక్త ‘మాట నిలబెట్టుకున్నారు’ అన్నారు, ఇంకో వక్త ‘మోసం’ అన్నారు. అంకెల కాగితం అందరి చేతుల్లో ఉంది కాబట్టి గొడవ అంకెల మీద జరగలేదు. తిరిగి కట్టాల్సిన అప్పుని సాయం లెక్కలో వేయొచ్చా లేదా అన్న అసలు విషయం మీద జరిగింది.

గంటన్నరని ఎలా కోయాలి

దీన్ని త్వరగా చెప్పేస్తాను. ఒక్కొక్కరికీ తొలి పలుకు నాలుగు నిమిషాలే, టైమర్ వక్తకి ఎదురుగా కనపడాలి. తర్వాత ఇరవై ఐదు నిమిషాలు వక్తలు ఒకరినొకరు అడగాలి, మీరు కాదు. నలభై నిమిషాలు జనానికి. చివర్లో తలా రెండు నిమిషాలు. ముఖ్య అతిథి, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు వగైరాలన్నీ చర్చ అయ్యాక పెట్టుకోండి. ముందు పెడితే ముప్పావుగంట అక్కడే హరించుకుపోతుంది.

జనం ప్రశ్నలు స్లిప్పుల మీద తీసుకోవడం కన్నా మైకు ఇవ్వడమే నాకిష్టం. కానీ మైకు మాత్రం మీ వాలంటీరు చేతిలోనే ఉండాలి. మైకు చేతిలోకి వెళ్లిందంటే అవతలివాళ్లు ఉపన్యాసం మొదలుపెడతారు. ఒకాయన నా సభలో పదకొండు నిమిషాలు మాట్లాడి చివర ‘ఇదీ నా ప్రశ్న’ అన్నారు. ప్రశ్న ఏమిటో ఇవాళ్టికీ తెలీదు.

ఓటింగ్ పెట్టాలా?

ముందు ఒకసారి, చివర ఒకసారి చేతులెత్తించడం జనానికి భలే నచ్చుతుంది. టొరంటోలో 2008 నుంచి జరుగుతున్న మంక్ డిబేట్స్‌లో ఎవరు ఎక్కువమందిని తమవైపు తిప్పుకుంటే వాళ్లదే గెలుపు. మీరూ పెట్టుకోండి, కానీ దాన్ని పెద్దగా నమ్మకండి. మొదట్లోనే నూటికి డెబ్భై మంది ఒకవైపు ఉంటే వాళ్లు ఇంక పెంచుకోగలిగేది ముప్పై మందినే, ఎదురువైపు వాళ్లకి మాత్రం బోలెడు జాగా ఉంటుంది. కొందరు గడుసువాళ్లు ముందు ‘ఇంకా తేల్చుకోలేదు’ అని చెయ్యెత్తి, చివర్లో తమవాళ్ల వైపు ఎత్తుతారు. నేను కళ్లారా చూశాను.

ఆ ఫలితాన్ని ‘ప్రజాభిప్రాయం’ అని పేపరుకి అస్సలు పంపకండి. 1933లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ యూనియన్ అనే చర్చా సంఘంలో విద్యార్థులు ‘రాజు కోసం, దేశం కోసం ఎట్టి పరిస్థితుల్లోనూ పోరాడం’ అనే తీర్మానాన్ని 275–153 ఓట్లతో నెగ్గించారు. ఒక హాల్లో కూర్చున్న నాలుగు వందల మంది మాటని దేశం మనసుగా చదివి పత్రికలు ఎంత రచ్చ చేశాయో చెప్పనక్కర్లేదు. ఆరేళ్లకి ఆ తరంవాళ్లే యుద్ధానికి వెళ్లారు. నిజంగా అభిప్రాయం తెలుసుకోవాలంటే అమెరికన్ ప్రొఫెసర్ జేమ్స్ ఫిష్కిన్ పద్ధతి ఉంది: మనుషుల్ని లాటరీలా ఎంపిక చేసి, రెండు వైపుల సమాచారమూ ఇచ్చి, చిన్న గుంపుల్లో మాట్లాడించి, ముందూ వెనకా ఒకే ప్రశ్నపత్రం ఇస్తారు. దానికి డబ్బూ సమయమూ చాలా కావాలి. మీ గంటన్నరలో కుదరదు.

ఎప్పుడు చర్చ పెట్టకూడదు

రెండు సందర్భాలు. ఒకటి, తేలిపోయిన వాస్తవం మీద. భూమి వేడెక్కుతోందా లేదా అని ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడితే యాభై–యాభై అన్న తప్పుడు భావం పుడుతుంది. వేడెక్కుతోంది కాబట్టి ఏం చేయాలి, ఎవరు చేయాలి అన్నదే చర్చ. రెండోది, నడుస్తున్న యుద్ధం మీద, అందులో ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లు హాల్లో ఉన్నప్పుడు. నేను ఒకసారి చూసుకోకుండా పెట్టాను. ఒక వక్త ‘ఇరువైపులా నష్టం సహజం’ అన్నప్పుడు మూడో వరసలో ఒకావిడ లేచి ఏడుస్తూ బయటికి వెళ్లిపోయారు. తప్పు ఆ వక్తది కాదు, నాది. అలాంటి విషయానికి ఒక్క వక్త, నిదానంగా ఒక ప్రసంగం, తర్వాత ప్రశ్నలు. గెలుపోటముల పద్ధతి అక్కడ పనికిరాదు.

మీ సభకి నేనైతే ఏం పెడతాను

మహమ్మారి ఒప్పందం పెడతాను. ఇంకో మహమ్మారి వస్తే దేశాలు ఎలా కలిసి పనిచేయాలో చెప్పే ఒప్పందం అది. 2025 మేలో ప్రపంచ ఆరోగ్య సభ (ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల సమావేశం) దాన్ని ఆమోదించింది. కమిటీలో 124 దేశాలు అనుకూలం, వ్యతిరేకం సున్నా, 11 దేశాలు ఓటింగ్‌కి దూరం. ఇక్కడ కూడా ‘అందరూ శ్రీవైష్ణవులే’. రొయ్యల బుట్ట ఎక్కడుందంటే, వైరస్ నమూనాలు ఇవ్వడం, బదులుగా లాభం పంచుకోవడం అనే భాగంలో. ఆ వివరాలని విడిగా ఒక అనుబంధంలో తేల్చుకుందామని వాయిదా వేశారు. ఒప్పందంలో రాసుకున్న ఆలోచన ప్రకారం, అందులో చేరిన కంపెనీలు మహమ్మారి సమయంలో తమ టీకాలు, మందుల్లో 20 శాతం ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందుబాటులో ఉంచాలి, అందులో కనీసం సగం ఉచితంగా.

దీని వెనక ఒక పాత గాయం ఉంది. బర్డ్ ఫ్లూ నమూనాలని మేమిస్తే, వాటితో చేసిన టీకా మాకే అందని ధరకి వస్తోందంటూ 2007 ప్రాంతంలో ఇండొనేషియా నమూనాలు పంపడం ఆపేసింది. నాలుగేళ్ల బేరసారాల తర్వాత 2011లో ఇన్‌ఫ్లుయెంజా వరకు ఒక ఏర్పాటు కుదిరింది. కోవిడ్ వచ్చాక అదే గొడవ ఇంకా పెద్దదిగా తిరిగొచ్చింది. 2021 చివరికల్లా 200 కోట్ల డోసులు ఇస్తామన్న కోవాక్స్ (అన్ని దేశాలకూ కోవిడ్ టీకాలు అందించడానికి పెట్టిన అంతర్జాతీయ కార్యక్రమం) ఆ గడువుకి ఆ అంకె చేరలేకపోయింది.

వాక్యం ఇలా రాస్తాను: ‘టీకాలో వాటా ముందే రాసివ్వకపోతే, వైరస్ నమూనా ఇవ్వనని చెప్పే హక్కు దేశానికి ఉండాలి.’

మీ దౌత్యవేత్త అనుకూలంగా మాట్లాడతారని నా అంచనా, ఫోన్‌లో అడిగి చూడండి. ప్రొఫెసర్‌ని ఎదురువైపు కూర్చోబెట్టండి. నమూనా ఆలస్యమైతే ముందు నష్టపోయేది ఆ దేశపు జనమే కాదా అన్నది ఆ వైపు బలమైన వాదన. దౌత్యవేత్త పక్కన టీకాల పంపిణీలో పనిచేసిన మనిషి, ప్రొఫెసర్ పక్కన ఒక ల్యాబ్ శాస్త్రవేత్త లేదా టీకా కంపెనీలో పనిచేసినవాళ్లు. అంకెల పేజీకి పై రెండు పేరాల్లో ఉన్నవి సరిపోతాయి. అనుబంధం సంగతి మాత్రం సభకి ముందు ఎక్కడిదాకా వచ్చిందో ఒకసారి చూసుకుని కలపండి.

వాక్యం ఖాయమయ్యాక ఇక్కడే పెట్టండి. ఎదురువైపు నుంచి నాలుగు ప్రశ్నలు రాసిస్తాను.